క్యాన్సర్ చికిత్సలో ఫోన్, వీడియో కన్సల్టేషన్: హైదరాబాద్ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని 2020 ఫిబ్రవరిలో తేలింది. రెండో కీమో అయిన రెండు రోజులకే జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. మా ఇల్లు మల్కాజిగిరిలో, ఆసుపత్రి నగరానికి అవతలి చివర. మధ్యలో అన్నీ పోలీసు చెక్‌పోస్టులే. మూడో కీమో నుంచి డాక్టరుగారితో మాటలన్నీ ఫోన్లోనే నడిచాయి. ఆ తర్వాత తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. ప్రశ్నలు దాదాపు అవే. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది, కానీ ఫోన్ కన్సల్టేషన్ ఆగలేదు, ఈ సందేహాలూ ఆగలేదు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. మీ మందుల విషయంలో మీ డాక్టరుగారి మాటే చివరి మాట.

## మొదటి కాల్‌కు ముందు

రొమ్ములో గడ్డ చేతికి తగులుతోంది. బయట కోవిడ్. వీడియోలో చూపిస్తే సరిపోతుందా, కొన్నాళ్లు ఆగొచ్చా?

ఆగొద్దు. వీడియోలో గడ్డను నొక్కి చూడలేరు, ముక్క పరీక్ష చేయలేరు. కాల్‌తో జరిగే మేలు ఒక్కటే. ఎక్కడికి వెళ్లాలో, ఏ స్కానింగ్ ముందు చేయించుకోవాలో, ఏ రోజు రద్దీ తక్కువో తెలుస్తుంది. నాలుగుసార్లు తిరగాల్సిన చోట రెండుసార్లతో పని అవుతుంది. దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల లెక్కలు చూస్తే 2020 మార్చి నుంచి మే వరకు కొత్తగా పేరు నమోదు చేసుకున్న రోగులు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 54 శాతం తగ్గారు. జబ్బు తగ్గి కాదు, జనం ఇళ్లలో ఉండిపోయి. ఆ ఇళ్లలో గడ్డలు పెరుగుతూనే ఉన్నాయి. తగ్గని నోటి పుండు, మలంలో రక్తం, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటికీ ఇదే జవాబు.

అసలు డాక్టరు ఫోన్లో మందు రాయొచ్చా? చెల్లుతుందా?

చెల్లుతుంది. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం రిజిస్టర్డ్ డాక్టరు వీడియోలో, ఫోన్లో, మెసేజ్‌లో కూడా సలహా ఇవ్వొచ్చు. తన పేరు, చదువు చెప్పాలి. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉండాలి. మీ పేరు, వయసు అడిగి నిర్ధారించుకోవాలి. మీరే కాల్ చేస్తే మీరు ఒప్పుకున్నట్టే లెక్క. అన్ని మందులూ ఇలా రాయడానికి మాత్రం వీల్లేదు. మార్ఫిన్ లాంటి మత్తుమందుల జాబితాలోనివి ఫోన్ మీద రాయకూడదు. "ఇది ఫోన్లో తేలేది కాదు, రండి" అనే హక్కు డాక్టరుకు ఉంది. "నేను నేరుగానే కలుస్తాను" అనే హక్కు మీకూ ఉంది.

ఈ-సంజీవని అంటే ఏమిటి? అందులో క్యాన్సర్ వైద్యం దొరుకుతుందా?

అది ప్రభుత్వ ఉచిత టెలిమెడిసిన్ సేవ. ఇంటి నుంచే మాట్లాడే ఓపీ 2020 ఏప్రిల్‌లో మొదలైంది. మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, టోకెన్ తీసుకుని వరుసలో ఉండాలి. బీపీ, షుగరు, మామూలు జబ్బులకు బాగా పనికొస్తుంది. ఇప్పటికే కీమో నడుస్తున్నవాళ్లకు మాత్రం సొంత ఆసుపత్రి నంబరే మొదటి దిక్కు. మీ ఫైలు వాళ్ల దగ్గరే ఉంటుంది.

మా నాన్న దగ్గర బటన్ ఫోనే ఉంది. వీడియో లేకుండా కుదరదా?

కుదురుతుంది. కీమో తర్వాత నీరసం, వాంతులు, విరేచనాలు, నిద్ర, నొప్పి, ఇవన్నీ మాటల్లో చెప్పేవే. చర్మం, గాయం చూపించాల్సి వస్తే పక్కింటి పిల్లాడి ఫోన్లో ఫోటో తీసి పంపించండి. ఆసుపత్రి ఫైల్లో బటన్ ఫోన్ నంబరుతో పాటు ఇంట్లోనో దగ్గర్లోనో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఒకరి నంబరు కూడా రాయించండి.

## కాల్ రోజు

ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

ఫైలు, ఆఖరి డిశ్చార్జ్ సమ్మరీ, తాజా రక్తపరీక్ష రిపోర్టు, వాడుతున్న మందుల డబ్బా. పేర్లు చదవడం కష్టమైతే స్ట్రిప్పులు వరుసగా పరిచి ఒక ఫోటో పంపండి. షుగరు, బీపీ, థైరాయిడ్ మాత్రలతో పాటు ఎవరో చెప్పారని తెచ్చుకున్న కషాయం, పొడి కూడా ఆ ఫోటోలో ఉండాలి. చాలామంది అవి దాచేస్తారు. కొన్ని మూలికలు కాలేయం మీద భారం వేస్తాయి, కీమో మందులతో కలిసి ఇబ్బంది పెడతాయి.

థర్మామీటరు, బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు, బరువు చూసే మిషను, నాలుగూ ఇంట్లో ఉంటే మంచిది. అన్నీ కొనలేకపోతే థర్మామీటరు ఒక్కటైనా తప్పనిసరి. బరువు వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే చూసి రాయండి. 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే 5 శాతం తగ్గినట్టు. ఆ అంకె డాక్టరుకు చాలా చెబుతుంది. "చిక్కిపోయిందండీ" అంటే అంత తెలియదు.

రిపోర్టులు వాట్సాప్‌లో ఎలా పంపాలి?

వీలైతే ల్యాబ్ ఇచ్చిన పీడీఎఫ్‌నే పంపండి. ఫోటో తీయక తప్పకపోతే కాగితాన్ని నేల మీద పెట్టి, నీడ పడకుండా, నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. మేం ఒకసారి పంపిన ఫోటోలో కింది గీత తెగిపోయింది. ప్లేట్‌లెట్స్ ఉన్నది ఆ గీతలోనే. స్కానింగ్ విషయంలో ఫిల్మ్ ఫోటో పనికిరాదు. రాతపూర్వక రిపోర్టు పంపి, సీడీని జాగ్రత్తగా దాచుకోండి. ప్రతి ఫోటో కింద పేరు, ఆసుపత్రిలో రోగికి ఇచ్చిన నంబరు, తేదీ రాయండి.

పదకొండు గంటలకు అన్నారు, మూడున్నరైనా కాల్ రాలేదు. ఏం చేయాలి?

మాకూ ఇదే జరిగింది. పొద్దుటి నుంచి ఎదురుచూసి, మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తున్నప్పుడు తెలియని నంబరు నుంచి వస్తే నేను ఎత్తలేదు. అదే డాక్టరుగారి కాల్. ఆ రోజంతా తెలియని నంబర్లన్నీ ఎత్తండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దు, ఛార్జింగ్ చూసుకోండి. రెండు గంటలు దాటితే ఓపీ కౌంటరుకు ఒకసారి ఫోన్ చేసి పేరు వరుసలో ఉందో లేదో కనుక్కోండి.

డాక్టరు అడిగితే అమ్మ "బాగానే ఉన్నానండీ" అంటుంది. రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. ఎలా?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మన పెద్దవాళ్లకు డాక్టరు ముందు బాధ చెప్పుకోవడం మొహమాటం. నేరుగా కలిస్తే నడకను, ముఖాన్ని, జారిపోతున్న గాజులను డాక్టరు చూస్తారు. ఫోన్లో "బాగానే ఉన్నా" ఒక్కటే వినిపిస్తుంది. అందుకే కాల్‌కు ముందురోజు రాత్రి అమ్మ దగ్గర కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఎన్ని ఇడ్లీలు తింది, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగింది, ఎన్నిసార్లు వాంతి, ఎన్నిసార్లు విరేచనం, పగలంతా ఎంతసేపు పడుకుంది. కాల్‌లో ముందు అమ్మను మాట్లాడనివ్వండి. ఆమె మాట తుంచకుండా, అయ్యాక మీరు ఆ కాగితం చదవండి. "అమ్మా, నువ్వు చెప్పకపోతే డోసు సరిచేయలేరు" అని ముందే చెప్పి ఉంచితే చిన్నబుచ్చుకోదు. మా అమ్మ ఆ మాట విన్నాకే వేళ్ల తిమ్మిరి సంగతి బయటపెట్టింది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం చేతకాక రెండు వారాలుగా పెద్దమ్మ చేత పెట్టించుకుంటోందట. కొన్ని కీమో మందుల వల్ల నరాలు దెబ్బతింటే మొదట కనిపించే గుర్తు ఇలాంటిదే. ఆ విడత కీమో నుంచి డోసు తగ్గించారు.

డాక్టరుగారికి తెలుగు రాదు, మా అత్తమ్మకు హిందీ రాదు. మధ్యలో నేను చెప్పొచ్చా?

చెప్పొచ్చు, కానీ కుదించకండి. "కాళ్లు గుంజుతున్నయి, రాత్రి పూట సూదులు గుచ్చినట్టు అయితది" అని అత్తమ్మ అంటే "పైర్ మే దర్ద్" అని తేల్చేస్తే డాక్టరుకు అందాల్సింది అందదు. గుంజడం వేరు, తిమ్మిరి వేరు, మంట వేరు. ఆమె మాటను వాక్యం తర్వాత వాక్యంగా మార్చి చెప్పండి. తెలుగు వచ్చిన నర్సును కాల్‌లో కలపమని అడగండి, హైదరాబాద్ ఆసుపత్రుల్లో అది దొరకని సాయమేం కాదు.

నోటి పుండు, కుట్ల గాయం వీడియోలో సరిగ్గా కనిపించడం లేదు.

ఫోన్ టార్చి నేరుగా వేస్తే నోరంతా తెల్లగా మెరిసి పుండు మాయమైపోతుంది. పగటిపూట కిటికీ వైపు తిరిగి కూర్చోబెట్టండి. స్టీలు చెంచా వెనక వైపుతో బుగ్గను పక్కకు లాగి పట్టుకుంటే పుండు అంచు తెలుస్తుంది. వీడియో కంటే ముందే తీసి పంపిన ఫోటో స్పష్టంగా ఉంటుంది. గాయానికైతే పక్కన రూపాయి బిళ్ల ఒంటికి తగలకుండా పెట్టండి, సైజు తెలుస్తుంది. ఎర్రదనం ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసి, మర్నాడు గీత దాటిందా అని చూడండి.

అమ్మకు క్యాన్సర్ అని చెప్పలేదు. స్పీకర్ పెడితే తెలిసిపోతుందేమో?

ఆ భయం అర్థమవుతుంది. డాక్టరుగారికి ముందే ఒక మెసేజ్ పెట్టండి, మాట జాగ్రత్త పడతారు. కానీ నా అనుభవం ఒకటి చెప్పాలి. జుట్టు రాలిపోతున్న మనిషికి, పక్క బెడ్ల మీద అందరినీ చూసిన మనిషికి తెలియకుండా ఉండదు. తెలిసీ మనకోసం తెలియనట్టు ఉంటారు. "అమ్మా, డాక్టరు చెప్పేవన్నీ నీకూ వినాలని ఉందా, మేం విని చెప్పమంటావా?" అని ఒక్కసారి అడగండి. ఆమె జవాబును బట్టి స్పీకర్ పెట్టాలో వద్దో మీకే తెలుస్తుంది.

## కీమో, రేడియేషన్ నడుస్తున్నప్పుడు

కీమోకు ముందు ఫోన్ కాల్ ఎందుకు? నేరుగా వెళ్తే పోలేదా?

నిజంగా ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే. కీమోకు ఒకటి రెండు రోజుల ముందు ఇంటి దగ్గరే రక్తం ఇచ్చి, రిపోర్టు పంపి, కాల్‌లో మాట్లాడితే ఆ రోజు కీమో ఎక్కించొచ్చో లేదో ముందే తేలుతుంది. సాధారణంగా న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 1500, ప్లేట్‌లెట్స్ లక్ష ఉండాలని చూస్తారు, మందును బట్టి మారుతుంది. మహబూబ్‌నగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో తెల్లారకముందే బయల్దేరి, రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో వరుసలో నిలబడి, కౌంట్ తక్కువుందని వెనక్కి వెళ్లేవాళ్లను నేను కళ్లారా చూశాను. ఆ ప్రయాణం ఒక్క కాల్‌తో తప్పుతుంది.

కోవిడ్ భయంతో కీమో వాయిదా వేసుకోవచ్చా?

మీ అంతట మీరు వేసుకోవద్దు. కొన్ని జబ్బుల్లో రెండు వారాలు ఆగినా ఫర్వాలేదు, కొన్నింట్లో ఒక వారమూ ఎక్కువే. నయం చేయడానికి ఇచ్చే కీమో వేరు, అదుపులో పెట్టడానికి ఇచ్చేది వేరు. "డాక్టరుగారూ, మాది ఏ రకం? వాయిదా వేస్తే ఏం నష్టం?" అని ఈ రెండు మాటలే అడగండి.

కీమో అయిన తర్వాత జ్వరం వస్తే ముందు ఫోన్ చేయాలా, బయల్దేరాలా?

రెండూ ఒకేసారి. ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు బండి చూడండి. థర్మామీటరు 100.4 ఫారెన్‌హీట్ చూపించిందంటే అది అత్యవసరం. పగలా రాత్రా అని చూడొద్దు. కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో రక్తమంతా పాకుతుంది. దగ్గు, చీము లేకపోవచ్చు, ఒక్క జ్వరమే గుర్తు కావచ్చు. ఆసుపత్రికి చేరిన గంటలోపే నరానికి యాంటీబయాటిక్ పడాలని వైద్యులు చెబుతారు.

పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు. జ్వరం అంకె తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ తగ్గదు, మీరేమో ధైర్యంగా పడుకుంటారు. డాక్టరు చెప్పాకే వేయండి. కొంతమందికి జ్వరం లేకుండా వణుకు, మగత వస్తాయి. అప్పుడూ ఇలాగే కదలాలి.

ఇక కోవిడ్ రోజుల్లో వచ్చిన చిక్కు ఏమిటంటే జ్వరం అనగానే గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. మా అమ్మకు తొమ్మిదో రోజు రాత్రి 101 వచ్చింది. ఒక ఆసుపత్రి గేటు దగ్గర ముందు కోవిడ్ టెస్టు రిపోర్టు చూపించమన్నారు. నలభై నిమిషాలు ఆటోలో అమ్మను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. లోపలికి తీసుకెళ్లింది ఒక నర్సమ్మ, నా చేతిలో కీమో కార్డు చూసి. అందుకే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసి ఫైలుకు పిన్ చేయండి: "కీమో పేషెంట్. ఆఖరి కీమో ఫలానా తేదీ. జ్వరం. తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు. వెంటనే యాంటీబయాటిక్ కావాలి." కోవిడ్ టెస్టు అడిగితే చేయనివ్వండి, కానీ రిపోర్టు వచ్చేదాకా యాంటీబయాటిక్ ఆపకూడదని అడగండి.

జ్వరం కాకుండా ఇంకేం వస్తే కాల్ కోసం ఆగకూడదు?

ఊపిరి ఆడకపోవడం, ఆక్సిజన్ రీడింగ్ 94 కంటే తగ్గడం. ఆగని రక్తం. మనిషి అయోమయంగా మాట్లాడటం. నీళ్లు కూడా నిలవనంత వాంతులు. మొహం, మెడ ఉబ్బడం. కొత్తగా నడుం నొప్పి వచ్చి కాళ్లు పట్టు తప్పడం, మూత్రం తెలియకుండా పోవడం. ఈ ఆఖరిదాన్ని చాలామంది నీరసం అనుకుని వదిలేస్తారు. వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందేమో అదే రోజు చూడాలి, ఆలస్యమైతే నడక తిరిగి రాకపోవచ్చు. 108కి ఫోన్ చేసి బయల్దేరండి.

మాత్రల కీమో ఇంట్లోనే వేసుకుంటున్నాం. మొత్తం ఫోన్ మీదే నడిపించొచ్చా?

చాలావరకు. కాపెసిటబిన్ లాంటి మాత్రలు సాధారణంగా రెండు వారాలు వేసుకుని ఒక వారం ఆపుతారు. ఆపాల్సిన తేదీని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతుంటే ఫోటో పంపండి. మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలైతే మాత్ర ఆపి అదే రోజు కాల్ చేయండి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వేయొద్దు. ఇమాటినిబ్ లాంటి మాత్రలైతే బాగున్నామని ఆపేయడమే ప్రమాదం. స్టాకు పది రోజులకు వచ్చినప్పుడే చీటీ అడగండి.

రేడియేషన్ కూడా ఇంటి నుంచి...?

కుదరదు. ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారే, అది మిషను కింద పడుకునే జరగాలి, సాధారణంగా వారానికి 5 రోజులు. సిట్టింగులు తగ్గించే వీలుందా అని అడగొచ్చు. రొమ్ము క్యాన్సర్‌లో కొందరికి 15 సిట్టింగులతో, ఇంకొందరికి 5తోనే సరిపెడుతున్నారు. మీకు తగునో లేదో వాళ్లే చెప్పాలి.

కీమో ఎక్కించడానికి చర్మం కింద పోర్ట్ పెట్టారు. లాక్‌డౌన్ అని ఫ్లష్‌కు (దాని గొట్టం మూసుకుపోకుండా కడిగించుకోవడానికి) వెళ్లలేదు.

ఫోన్ చేసి ఎన్నాళ్లు ఆగొచ్చో అడగండి. నెలకోసారి చేసేదాన్ని కొంత పొడిగించడం ఉంది. పోర్ట్ దగ్గర ఎరుపు, నొప్పి, చెయ్యి వాపు ఉంటే మాత్రం వెళ్లాల్సిందే. ఇంట్లో ఎవరి చేతా చేయించొద్దు.

## మందుల చీటీ, డబ్బు

వాట్సాప్ చీటీ చూపిస్తే మెడికల్ షాపువాళ్లు మందు ఇవ్వడం లేదు.

చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సంతకం, మీ పేరు ఉన్నాయో చూడండి. ఒకటి లేకపోయినా షాపువాళ్ల అభ్యంతరం సరైనదే. ఆసుపత్రికి చెప్పి సరిచేయించుకుని ప్రింట్ తీసుకెళ్లండి. క్యాన్సర్ మందులు వీధి చివరి షాపులో ఉండవు, ఆసుపత్రి ఫార్మసీని కొరియర్ చేస్తారా అని అడగండి. చల్లగా ఉంచాల్సిన ఇంజెక్షన్లు మాత్రం ఐస్ బాక్సులో స్వయంగా తెచ్చుకోవడమే మేలు.

ఫోన్లో మాట్లాడినా పూర్తి ఫీజు కట్టాలా? ఇన్సూరెన్స్ వస్తుందా?

నేరుగా చూసినప్పుడు తీసుకునే ఫీజే తీసుకోవచ్చని మార్గదర్శకాల్లో ఉంది. రసీదు అడగండి. మీ పాలసీలో డాక్టరు కన్సల్టేషన్‌కు డబ్బు ఇచ్చే నిబంధన ఉంటే టెలిమెడిసిన్‌కూ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 జూన్‌లో బీమా కంపెనీలకు చెప్పింది.

## చికిత్స అయిపోయాక

మూడు నెలలకోసారి చెకప్ ఫోన్లో చేయించుకోవచ్చా?

కొంతవరకు. స్కాన్, రక్తపరీక్ష దగ్గర్లో చేయించి, కాల్‌లో రిపోర్టు మాట్లాడుకోవచ్చు. థైరాయిడ్, ప్రొస్టేట్ లాంటి వాటిలో రక్తపరీక్షే చాలా చెబుతుంది కాబట్టి ఇంకా సులువు. నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అయినవాళ్లను చేత్తో, కంటితో చూడాలి. ఒకసారి ఫోన్ అయితే తర్వాతిసారి నేరుగా వెళ్లండి. కొత్త గడ్డ, కొత్త నొప్పి ఉంటే తేదీ కోసం ఎదురుచూడొద్దు.

క్యాన్సర్ ఉన్నవాళ్లు కోవిడ్ టీకా వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. 2021 మార్చి 1న 45 దాటి కొన్ని జబ్బులు ఉన్నవాళ్లకు టీకా మొదలైనప్పుడు ఆ జబ్బుల జాబితాలో క్యాన్సర్ ఉంది. కీమోకు, టీకాకు మధ్య ఎంత వ్యవధి ఉండాలో డాక్టరును అడగండి. ఇంట్లో అందరూ వేసుకుంటే రోగికి అదనపు రక్ష.

చికిత్స అయిపోయింది, నిద్ర పట్టడం లేదు. ఎప్పుడూ టెన్షన్. ఇది కూడా డాక్టరుకు చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి. మళ్లీ వస్తుందేమో అన్న భయం దాదాపు అందరికీ ఉంటుంది, స్కాన్ తేదీ దగ్గరపడితే ఇంకా పెరుగుతుంది. ఇది ఫోన్లో బాగా జరిగే వైద్యం. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఉచిత నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు. చూసుకునేవాళ్లకూ ఇది అవసరమే. నేనూ ఒక దశలో నిద్రలేని రాత్రులు గడిపి, ఆలస్యంగా సాయం అడిగాను.

## నొప్పి, ఇంటి దగ్గర సేవ

ఇంక కీమో లేదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు. నొప్పికి ఫోన్లో మార్ఫిన్ రాస్తారా?

రాయరు, చట్టం ఒప్పుకోదు. మార్ఫిన్ కోసం గుర్తింపు ఉన్న ఆసుపత్రికి ఎవరో ఒకరు వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది. ఫైలుతో కుటుంబసభ్యుడు వెళ్తే సరిపోతుందా, రోగి రావాలా అన్నది ముందే ఫోన్లో అడిగి వెళ్లండి. మొదటిసారి డోసు నిర్ణయమయ్యాక నొప్పి ఎంతుందో, మలబద్ధకం ఉందో లేదో, మగత ఎక్కువైందో ఫోన్లో చెబుతూ సరిచేయించుకోవచ్చు. మార్ఫిన్‌తో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు రోజూ ఉండాలి. హఠాత్తుగా ఆపకూడదు. అలవాటైపోతుందని దాచిపెట్టి నొప్పితో పడుకోబెట్టకండి.

ఇంటికి వచ్చి చూసేవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. నగరంలో పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ బృందాలు ఇంటికొచ్చి చూస్తాయి. జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల పాలియేటివ్ కేంద్రాల నుంచి ఆలన పేరుతో బండి వస్తుంది. నర్సు ఇంట్లో ఉండగా డాక్టరుకు వీడియో కాల్ చేస్తే అది అన్నిటికంటే మంచి పద్ధతి. ఒక చెయ్యి నాడి పట్టుకుని ఉంటుంది, డాక్టరుకు కావాల్సింది నర్సు చూసి చెబుతుంది, మంచం మీది మనిషిని కదిలించాల్సిన పని లేదు. వాళ్లు వచ్చే రోజు కనుక్కుని, కాల్ సమయం దానికి కలిసేలా పెట్టించుకోండి.